గేర్‌బాక్సు దించకముందు అట్టముక్క పరచండి

ప్రశ్న: నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా తాతగారు ఎప్పుడో ఎంబసీ కార్ల వేలంలో కొన్న 1965 మోడల్ షెవ్రోలె ఇంపాలా మా ఇంట్లో ఉందండి. స్టీరింగు పక్కనున్న లీవరుతో నడిచే ఆటోమేటిక్ బండి. సంక్రాంతికీ, ఇంట్లో పెళ్ళిళ్ళకీ తప్ప బయటికి తియ్యం. మిగతా రోజులంతా కొబ్బరితోట పక్కన షెడ్డులోనే. ఏడాదిగా గేర్‌బాక్సు కింద ఎర్రటి ఆయిల్ పడుతోందండి. నెల తిరిగేసరికి కింద పెట్టిన పళ్ళెం నిండుతోంది. చిత్రం ఏంటంటే తిప్పిన రోజుల్లో అంతగా పడదు, నిలబెట్టాకే పడుతుంది. ఆయిల్ మట్టం చూసే గేజి తీసి చూస్తే ఒకరోజు ఎక్కువ, ఇంకోరోజు తక్కువ చూపిస్తోంది. ఒక మెకానిక్ గారు గేర్‌బాక్సు మొత్తం దించి విప్పాలన్నారు. ఇంకొకాయన కాస్త బ్రేక్ ఆయిల్ కలిపితే సీళ్ళు ఉబ్బి లీకు ఆగిపోతుందన్నారు. మూడో ఆయన సామాను దొరకదు, అమ్మేయమన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాన్నగారు సరిగా అన్నం తినడం లేదు. మాఘమాసంలో మా చెల్లి పెళ్ళి. పెళ్ళికొడుకుని ఆ కారులోనే ఊరేగించాలని నాన్నగారి కోరిక. ఒకటే టెన్షన్‌గా ఉందండి. ఏం చెయ్యమంటారు?

సమాధానం: గేర్‌బాక్సు దించకండి. బ్రేక్ ఆయిల్ చుక్క కూడా పోయకండి. అమ్మే మాట పెళ్ళి అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఎత్తవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ లీకు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండానే మాట్లాడారు. మీరు మాత్రం చూశారు. తిప్పిన రోజుల్లో అంతగా పడదు, నిలబెట్టాకే పడుతుంది అని రాశారు చూడండి, సగం జబ్బు ఆ ఒక్క మాటలోనే దొరికింది.

ముందు మీ బండిలో ఉన్న గేర్‌బాక్సు ఏదో చెప్పుకుందాం. స్టీరింగు దగ్గర పి, ఆర్, ఎన్, డి, ఎల్ అని అయిదు అక్షరాలుండి, ముందుకి రెండే గేర్లు మారుతుంటే అది పవర్‌గ్లైడ్. షెవ్రోలె వాళ్ళు దీన్ని 1950లో పోత ఇనుము కేసుతో తెచ్చారు. 1962లో అల్యూమినియం కేసుతో వచ్చిన రకం 1973 దాకా నడిచింది. మీది ఈ రెండో రకం. కారు కింద దూరినప్పుడు పాన్ బోల్టులు లెక్కపెట్టండి. పాన్ అంటే కింద రేకు తొట్టి, మన మెకానిక్‌లు ఛాంబర్ అంటారు. బోల్టులు 14 ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

సామాను దొరకదన్న మాట నిజం కాదు. రెండే గేర్లు, లోపల భాగాలు తక్కువ, దెబ్బకి తట్టుకునే కట్టుబాటు. అందుకే అమెరికాలో డ్రాగ్ రేసులు ఆడేవాళ్ళు ఇవాళ్టికీ దీన్నే ఏరికోరి బిగించుకుంటారు. వాళ్ళ పుణ్యమా అని సీళ్ళు, గాస్కెట్లు, ఫిల్టర్లు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. బయటి సీళ్ళ సెట్టు మొత్తం ఒక చీర పెట్టెలో పడుతుంది. మన గోదావరి జిల్లాల్లో అమెరికాలో చుట్టం లేని ఇల్లు తక్కువ. పెళ్ళికి వచ్చేవాళ్ళలో ఒకరికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఇంజనుకీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ అని గుమ్మడికాయలాంటి పెద్ద డబ్బా ఉంటుంది. మొత్తం ఆయిల్‌లో ఎక్కువ భాగం దాని కడుపులోనే. ఇంజను తిరుగుతున్నంతసేపూ లోపలి పంపు పాన్‌లోని ఆయిల్‌ని తోడి దాన్ని నిండుగా ఉంచుతుంది. ఇంజను ఆపి వారాల తరబడి వదిలేస్తే ఆ ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా పాన్‌లోకి జారిపోతుంది. చేలో మోటారుకి ఫుట్ వాల్వ్ సరిగా పట్టకపోతే పైపులో నీళ్ళు తెల్లారేసరికి వెనక్కి జారిపోవూ, అదే తంతు. పాన్‌లో ఉండాల్సిన దానికన్నా రెండింతలు చేరేసరికి మట్టం పాన్ అంచు దాటి కేసులోకి ఎక్కుతుంది. ఆ ఎత్తులో, కేసు ఎడమ పక్కన, మీరు పైన కదిపే లీవరుకి కింద జోడించిన షాఫ్ట్ బయటికి వస్తుంది. దాని చుట్టూ చిన్న రబ్బరు సీలు ఉంటుంది. అరవై ఏళ్ళ సీలు ఎండి కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. బండి తిరిగేటప్పుడు ఆయిల్ ఆ ఎత్తులో ఉండదు కాబట్టి కారదు. నిలబెట్టిన కొన్నాళ్ళకి మట్టం అక్కడిదాకా వస్తుంది, కారడం మొదలవుతుంది. మీ లక్షణాలకి ఈ కథ అతికినట్టు సరిపోతోంది. మీ లీకులో పెద్ద వాటా ఆ షాఫ్ట్ సీలుదీ, పాన్ గాస్కెట్‌దీ అని నా నమ్మకం. రెండూ గేర్‌బాక్సు దించకుండా మార్చుకోగలిగేవే.

గేజి ఎందుకు అబద్ధమాడుతున్నట్టు అనిపిస్తోందో కూడా ఇందులోనే ఉంది. నెల రోజులు నిలబెట్టిన బండికి స్టార్ట్ చెయ్యకుండా గేజి తీస్తే ఫుల్ గీత దాటి చాలా పైకి చూపిస్తుంది. అది చూసి ఆయిల్ ఎక్కువైందని ఎవరైనా తీసేస్తే, స్టార్ట్ చేసి కన్వర్టర్ నిండాక పాన్‌లో ఆయిల్ చాలదు, గేరు పట్టదు. తర్వాత ఇంకెవరో తక్కువైందని పోస్తారు. మీ పళ్ళెంలోకి వచ్చిందంతా లీకే అనుకోకండి, ఇలా ఎక్కువ పోసిన వాటా కూడా అందులో ఉండొచ్చు. ఎక్కువ పోస్తే తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి. నురగ పొంగి కేసు పైనున్న గాలి రంధ్రంలోంచి బయటికి వచ్చి కిందికి కారుతుంది. సీళ్ళన్నీ బాగున్నా లీకు ఉన్నట్టే కనిపిస్తుంది.

కాబట్టి కొలత ఇలా చూడండి. పాలకొల్లు నుంచి నరసాపురం దాకా వెళ్ళి తిరిగి రండి, అప్పటికి గేర్‌బాక్సు బాగా వేడెక్కుతుంది. చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి అడ్డం పెట్టి, బ్రేకు మీద కాలు ఉంచి లీవరుని ఒకసారి అన్ని గేర్లలోకీ తిప్పి న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజను ఆపకుండా గేజి తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి తీసి చూడండి. లెక్కకి వచ్చేది ఆ కొలత ఒక్కటే. గేజి మీద యాడ్, ఫుల్ గీతల మధ్య తేడా దాదాపు అర లీటరు మాత్రమే. అందుకని లీటరు డబ్బా ఒక్కసారే ఒంపేయకుండా కొద్దికొద్దిగా పోయాలి. చల్లగా ఉన్నప్పుడు, ఇంజను తిరుగుతుండగా, మట్టం యాడ్ గీతకి కొంచెం కింద ఉండటం సహజం, కంగారు పడొద్దు.

లీకు చోటు కనిపెట్టడం మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే డబ్బంతా వృథా అయ్యేది ఇక్కడే. రాజమండ్రిలో నేను వర్క్‌షాపు నడిపే రోజుల్లో కాకినాడ నుంచి ఒక పాత ఆటోమేటిక్ కారు వచ్చింది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే గంట ఆకారపు డొప్ప కింద నుంచి ధారగా పడుతోంది. అక్కడ పడితే ముందు సీలే, అంటే గేర్‌బాక్సు ముందు వైపు కన్వర్టర్ దూరే చోట ఉండే సీలే అనుకున్నాను. మూడు రోజులు కష్టపడి గేర్‌బాక్సు దించి, ముందు సీలు మార్చి, మళ్ళీ ఎక్కించాను. మర్నాడు పొద్దున్న అదే చోట అదే మడుగు. అప్పుడు అద్దం పెట్టి పైకి చూస్తే, గేజి గొట్టం కేసులోకి దిగే చోట ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు చుట్టు పగిలి, ఆయిల్ కేసు వెనకాల నుంచి జారి వచ్చి డొప్ప అంచున చుక్క కడుతోంది. ఆ ఓ-రింగు మార్చడానికి అరగంట కూడా పట్టలేదు. కూలి డబ్బులు తిరిగి ఇచ్చేశాను గానీ, ఆ యజమాని మూడు రోజులు బస్సు ఎక్కి తిరిగిన సంగతి ఇప్పటికీ నా మనసులో ఉంది. చుక్క పడే చోటు వేరు, లీకు పుట్టే చోటు వేరు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని తడి కనిపించిన చోట్లన్నిటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటు ఏదో వెతకాలి.

దానికి ముందుగా గేర్‌బాక్సు శుభ్రంగా ఉండాలి. కిరసనాయిలూ బ్రష్షూ తీసుకుని, ఇంజను పూర్తిగా చల్లారాక, పాత జిడ్డూ మట్టీ అంతా కడగండి. పైభాగం, డొప్ప వెనక భాగం, తోక భాగం, పైపులు, ఏదీ వదలొద్దు. ఆరాక గుడ్డతో తుడిచి, ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. తెల్లటి పౌడరు మీద ఎర్రటి ఆయిల్ దారి గీసినట్టు కనిపిస్తుంది. ఇది రెండు సార్లు చెయ్యాలి. మొదటిసారి బండి కదపకుండా షెడ్డులోనే ఉంచి, కింద పెద్ద అట్టముక్క పరచి, చక్రాలు ఎక్కడ ఆనాయో అట్ట మీద గీతలు గీసి, వారం రోజులు వదిలెయ్యండి. రోజూ చుక్కలు పడిన చోట తేదీ రాయండి. రెండోసారి మళ్ళీ తుడిచి పౌడరు చల్లి, పది కిలోమీటర్లు తిప్పి వచ్చి చూడండి. నిలబడినప్పుడు వచ్చే లీకూ, తిరిగేటప్పుడు వచ్చే లీకూ విడివిడిగా తేలిపోతాయి.

పడేది గేర్‌బాక్సు ఆయిలేనని కూడా నిర్ధారించుకోండి. ఎర్రగా, పల్చగా ఉంటే ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్. కానీ మీ ఇంపాలాకి పవర్ స్టీరింగు ఉంటే అందులోనూ మన మెకానిక్‌లు ఇదే ఎర్ర ఆయిల్ పోస్తారు, అది ఛాసిస్ పట్టుకుని వెనక్కి జారి గేర్‌బాక్సు మీద పడొచ్చు. గోధుమరంగో నలుపో అయితే ఇంజను వెనక నుంచి వస్తున్నట్టు. ఎర్ర ఆయిల్ మాడు వాసన కొడుతూ నల్లబడి ఉంటే లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అర్థం. అప్పుడు ఇది లీకు సమస్య కాదు, నాకు మళ్ళీ రాయండి.

స్ట్రాబెర్రీ పాలలా గులాబీ రంగులో ఉంటే మాత్రం బండి స్టార్ట్ చెయ్యకండి. అది నీళ్ళు కలిసిన ఆయిల్. ఈ గేర్‌బాక్సు ఆయిల్ చల్లబడటానికి రేడియేటర్ తొట్టి లోపలే ఒక గొట్టం ఉంటుంది. అది చిల్లు పడితే రేడియేటర్ నీళ్ళు గేర్‌బాక్సులోకి వస్తాయి. క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొర కాగితం లాంటిది, నీళ్ళు తగిలితే జిగురు ఊడిపోతుంది. మన డెల్టాలో ఇంకో దారి కూడా ఉంది. 1986 వరదలోనో, 2022 జులై వరదలోనో మీ షెడ్డులోకి నీళ్ళు వచ్చి ఉంటే, అవి గాలి రంధ్రం గుండా, గేజి గొట్టం గుండా లోపలికి దిగి ఉండొచ్చు. నాన్నగారిని అడగండి, ఆయనకి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గుర్తుంటుంది.

ఆ గాలి రంధ్రం సంగతి ఇంకొక్క మాట. తోటల పక్కన షెడ్లలో మట్టి గూళ్ళు కట్టే కందిరీగలు ఏ చిన్న రంధ్రం కనిపించినా పూడ్చేస్తాయి. అది మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలికి దారి లేక, ఒత్తిడికి ఆయిల్ సీళ్ళ పక్కనుంచి తన్నుకొస్తుంది. ముందు దాన్ని శుభ్రం చేశాకే మిగతావి చూడండి.

ఇక లీవరు షాఫ్ట్ సీలు. బయటి లీవరు విప్పే ముందు అది షాఫ్ట్ మీద ఏ కోణంలో కూర్చుందో గీత గీసుకోండి, లేకపోతే తర్వాత పార్క్ అనుకున్నది రివర్స్ అవుతుంది. యాక్సిలరేటర్ వైపు నుంచి వచ్చే ఇంకో చిన్న లీవరు కూడా అక్కడే ఉంటుంది. దాన్నీ అలాగే గుర్తు పెట్టుకుని తియ్యాలి. పాత సీలుని సన్నని కొక్కెంతో లాగాలి, షాఫ్ట్ మీద గానీ కేసు గోడ మీద గానీ గీత పడకూడదు. షాఫ్ట్ మీద తుప్పు ఉంటే చాలా సన్నని ఎమిరీ కాగితంతో గుండ్రంగా రుద్ది తుడవండి. కొత్త సీలు పెదవికి ఏటీఎఫ్ రాసి, సరిపడే సాకెట్‌తో నిటారుగా, మెల్లగా లోపలికి తట్టండి. ఓపికున్న మెకానిక్‌కి ఒక పూట పని.

పాన్ గాస్కెట్ తేలిక పనే. కానీ చెడగొట్టేవాళ్ళు ఎక్కువ కూడా దీన్నే. కార్క్ గాస్కెట్ ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే ఎండి కుంచించుకుపోతుంది, బోల్టులు వదులవుతాయి. అప్పుడు మెకానిక్ పెద్ద పానా పట్టుకుని బలంగా బిగిస్తాడు. బిగించిన కొద్దీ పాన్ అంచు బోల్టు రంధ్రాల చుట్టూ గుంటపడి, రెండు బోల్టుల మధ్య రేకు పైకి లేచి, లీకు ఎక్కువవుతుంది. పాన్ దించాక అంచుని చదునైన కర్ర దుంగ మీద బోర్లించి, చిన్న సుత్తితో గుంటలు సాపు చెయ్యండి. గాజు పలక మీద పెట్టి చూస్తే ఎక్కడా సందు కనపడకూడదు. కేసు వైపు పాత గాస్కెట్‌ని గీకేటప్పుడు ఇనుప ఉలి వాడొద్దు, అల్యూమినియం మెత్తన. కొత్త గాస్కెట్ పొడిగానే వెయ్యండి. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే లోపలి వైపు పిండుకున్నది ఎండి, ముక్కలై, ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాలి. చివరికి 8 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు 11 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పానా లేకపోతే చిన్న పానాని తలకాయ దగ్గరే పట్టుకుని మణికట్టు బలంతో మాత్రమే బిగించండి. అల్యూమినియంలో మర పోతే అది వేరే ఖర్చు. పాన్ దించినప్పుడు అడుగున సన్నని బూడిదరంగు బురద ఉంటే సహజం. ఇనుప రజను, ఇత్తడి తళుకులు కనిపిస్తే ఒక సీసాలో దాచి ఫోటో పంపండి. ఫిల్టర్ కూడా అప్పుడే మార్చేయండి. మన సముద్రపు గాలికి పాన్ మూలల్లో తుప్పు తిని సూది బెజ్జాలు పడటం కూడా ఉంది, దీపం లోపల పెట్టి చీకట్లో చూస్తే తెలుస్తుంది.

ఇవి రెండూ కాకుండా ఇంకా తడి కనిపిస్తే, ప్రొపెల్లర్ షాఫ్ట్ దూరే చోట తోక సీలు చూడండి. అది పోతే కారు అడుగున వెనకదాకా ఆయిల్ చిమ్మినట్టు ఉంటుంది. షాఫ్ట్ చివర గేర్‌బాక్సులోకి దూరే యోక్‌ని చేత్తో పైకీ కిందికీ కదిపితే ఊగుతోందంటే లోపలి బుష్ అరిగింది. బుష్ మార్చకుండా సీలు ఒక్కటే మారిస్తే నాలుగు నెలల్లో మళ్ళీ కారుతుంది. స్పీడోమీటర్ కేబుల్ దూరే చోట ఓ-రింగు చిన్నదే, కానీ ఆయిల్ ఆ కేబుల్ పట్టుకుని డాష్‌బోర్డు దాకా ఎక్కగలదు. రేడియేటర్‌కి వెళ్ళే రెండు ఇనుప పైపులు ఛాసిస్‌కి రాసుకునే చోట్ల వేలితో తడిమి చూడండి. ఎవరైనా మధ్యలో రబ్బరు ట్యూబు వేసి క్లిప్పు బిగించి ఉంటే, అది ఆయిల్‌కి తట్టుకునే రకమేనా అడగండి. నీళ్ళ ట్యూబు వేస్తే మెత్తబడి పగులుతుంది. ఈ పైపుల్లో ఏదైనా సైలెన్సర్ పైపు మీద చుక్కలు రాలుస్తుంటే, అది సరి చేసేదాకా బండి బయటికి తియ్యకండి. ఏటీఎఫ్ కాలే వస్తువు. పాత కార్లు ఇలా అంటుకుంటాయి.

కింద ఏమీ పడకుండానే ఆయిల్ తగ్గిపోతుంటే అనుమానించాల్సింది వాక్యూమ్ మాడ్యులేటర్‌ని. కేసుకి మరతో బిగించిన చిన్న రేకు డబ్బా, దానికి ఇంజను నుంచి సన్నని రబ్బరు గొట్టం వస్తుంది. ఆ గొట్టం ఊడదీసి లోపల చూడండి. ఎర్రటి ఆయిల్ తడి ఉంటే డబ్బాలో పొర చిరిగి, ఇంజను ఆ ఆయిల్‌ని పీల్చి తాగేస్తోందన్నమాట. వెనక తెల్లటి పొగ వస్తుంది. ఇంజను రింగులు పోయాయని బోరు చేయించమనేవాళ్ళు కూడా ఉంటారు. డబ్బా మారిస్తే పొగ పోతుంది.

ముందు సీలు గురించి చివర్న రాస్తున్నాను, ఎందుకంటే పైవన్నీ కాదని తేలాకే దాని జోలికి వెళ్ళాలి. డొప్ప లోపలి గోడల మీద చుట్టూరా ఆయిల్ చిమ్మి ఉండి, ఇంజను తిరిగేటప్పుడే ఎక్కువ పడుతుంటే అప్పుడు అదే. మీ లెక్క ప్రకారం మీకు తిరిగేటప్పుడు అంతగా పడటం లేదు. కాబట్టి మాఘమాసం లోపు ఆ పని పెట్టుకోవద్దు.

అమెరికా నుంచి సెట్టు వచ్చేలోపు సీలు ఇక్కడ దొరకదా అంటే, కొన్నిసార్లు దొరుకుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల ఏరియేటర్లకి గేర్‌బాక్సులున్నాయి, వాటికీ ఆయిల్ సీళ్ళు కావాలి, అందుకే మన దగ్గర సీళ్ళ షాపులకి కొదవ లేదు. విజయవాడ ఆటోనగర్ ఎలాగూ ఉంది. చిక్కల్లా మీ బండి కొలతలన్నీ అంగుళాల్లో ఉండటం, షాపులో సీళ్ళు మిల్లీమీటర్లలో ఉండటం. ఒకటిన్నర అంగుళమంటే 38.1 మిల్లీమీటర్లు. లోపలి కొలత దగ్గరగా కుదిరినా బయటి కొలత అర మిల్లీమీటరు తేడా వస్తే సీలు వదులుగా కూర్చుంటుంది, లేదా నలిగిపోతుంది. పాత సీలు కాదు, షాఫ్ట్‌నీ అది కూర్చునే గూడునీ వెర్నియర్‌తో కొలిచి తీసుకెళ్ళండి. నైట్రైల్ రబ్బరు గానీ వైటాన్ గానీ అడగండి. బ్రేకులకి వాడే రబ్బరు, సైకిల్ ట్యూబు రబ్బరు ఈ ఆయిల్‌లో ఉబ్బి పాడైపోతాయి.

బ్రేక్ ఆయిల్ చిట్కా కూడా ఈ రబ్బరు లెక్కే. అది పోస్తే సీళ్ళు నిజంగానే ఉబ్బుతాయి, వారం పది రోజులు లీకు ఆగినట్టే ఉంటుంది. ఆ తర్వాత అదే రబ్బరు మెత్తబడి జావ అవుతుంది. అప్పుడు బయటి సీళ్ళే కాదు, లోపల క్లచ్‌లని నొక్కి పట్టే పిస్టన్ల సీళ్ళు కూడా పోతాయి. బయటి సీలు కింద పడుకుని మార్చుకోగలం, లోపలి సీలుకి గేర్‌బాక్సు మొత్తం విప్పాల్సిందే. సలహా చెప్పినాయన చెడు కోరి చెప్పి ఉండరు. కానీ ఆ మాట వినకండి.

పోయాల్సిన ఆయిల్ డెక్స్‌రాన్ త్రీ రకం ఏటీఎఫ్. పవర్ స్టీరింగు ఆయిల్ పేరుతో మన ఊళ్ళలో దొరికేది చాలావరకు ఇదే, అయినా డబ్బా మీద డెక్స్‌రాన్ అని ఉందో లేదో చదివే కొనండి. 1965 నాటికి ఇంకా డెక్స్‌రాన్ లేదు, టైప్ ఏ అనే రకం వాడేవారు. దాని స్థానంలో జనరల్ మోటార్స్ 1967లో డెక్స్‌రాన్ తెచ్చింది. మీ తాతగారి బండిలో మొదట పోసిన ఆయిల్‌లో తిమింగలం నూనె కలిసి ఉండేది, 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక మానేశారు. టైప్ ఎఫ్ అని ఫోర్డ్ కార్ల ఆయిల్ ఒకటి ఎర్రగానే ఉంటుంది, అది వద్దు.

కారు కింద దూరేటప్పుడు జాగ్రత్త. మన ఒండ్రు నేల మీద జాకీ నిలబడదు, వానాకాలం అయితే కళ్ళముందే దిగిపోతుంది. సిమెంటు నేల మీదికి తోసి, జాకీతో లేపి, నాలుగు ఇనుప స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల మీద, కొబ్బరి మొద్దుల మీద పెట్టిన బండి కింద ఎవరినీ పడుకోనివ్వకండి. ఈ బండి బరువు టన్నున్నర పైమాటే. తీసిన ఆయిల్ డబ్బాలోకి పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్ళకి ఇవ్వండి. పంట బోదెలోకో చెరువు గట్టునో ఒంపితే కింద ఎవరి చేపలో తేలతాయి.

ఊరేగింపు విషయం నాన్నగారికి చదివి వినిపించండి. మేళం ముందు నడుస్తుంటే కారు రెండు గంటలు మనిషి నడక వేగంతో పాకుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి అది కష్టమైన పని, బ్రేకు తొక్కి గేరులోనే ఆపి ఉంచినంతసేపూ కన్వర్టర్ లోపల ఆయిల్ చిలికి వేడెక్కుతూనే ఉంటుంది. మేళం ఆగి వాయించే చోటల్లా లీవరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు ఉంచాలి. కదిలేటప్పుడు ఎల్‌లో, అంటే తక్కువ గేరులో, మెల్లగా కదలాలి. ఈ ఆయిల్‌ని చల్లబరిచేది రేడియేటరే కాబట్టి పెళ్ళికి ముందే దాన్ని కడిగించి, ఫ్యాన్ బెల్టు మార్పించండి. ఒక లీటరు ఏటీఎఫ్, సన్నని గరాటు డిక్కీలో ఉండాలి. ఇప్పటి నుంచి పెళ్ళి దాకా పది పదిహేను రోజులకోసారి, షెడ్డులో ఇంజను ఆన్ చేసి వదిలేయడం కాకుండా, రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పండి. సీళ్ళు తడిగా ఉంటే మెత్తగా ఉంటాయి.

వారం రోజుల అట్టముక్కా, పౌడరు మీద తడి కనిపించిన చోట్లూ ఫోటోలు తీసి పంపండి. ఒక ఫోటో ఎడమ పక్కనుంచి, లీవరు షాఫ్ట్ కనిపించేలా. ఇంకోటి పాన్ అంచు చుట్టూ. మూడోది డొప్ప కింద నుంచి పైకి. గేజి వేడి కొలత ఎంతో, గాలి రంధ్రంలో గూడు ఉందో లేదో కూడా రాయండి. ఏ సీళ్ళు తెప్పించాలో అవి చూశాక చెబుతాను, అప్పటిదాకా ఏదీ కొనకండి.